మూడో ఆదివారం అభ్యంతరం

పోయిన నెల మా చర్చిలో యవ్వనస్తుల కూడిక పెట్టి, నన్ను వచ్చి మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలయ్యా అని అడిగితే, "విధేయత గురించి చెప్పండమ్మా. మీరు తల్లిదండ్రులకి లోబడి, పెద్దల మాట విని, ఆసుపత్రిలో అన్నేళ్లు సేవ చేసినారు గదా. మా పిల్లలకి మీరే ఆదర్శం" అన్నాడు ఆ కుర్ర పాస్టరు. నాకు నవ్వాగలేదు. లోబడటమా? నేనా? "నాయనా, నీకెవరు చెప్పినారో గానీ, ఆ మాట వింటే మా నాయన సమాధిలోంచి లేచొస్తాడు" అన్నాను. ఆయన బిత్తరపోయి చూసినాడు. తర్వాత మైకు ముందు నాకిచ్చింది పది నిమిషాలు. పది నిమిషాల్లో ఏం చెబుతాను, నా బొంద! అందుకే కూర్చుని రాస్తున్నాను.

మాది కృష్ణపట్నానికి కొంచెం అవతల, ఉప్పుకాలువ గట్టున ఉండే పల్లె. అరవైలు మొదలైన రోజులు. రేవులో ఇప్పటి క్రేన్లు లేవు, పొగ్గొట్టాలు లేవు. కాలువలో పడవలు మద్రాసు దిక్కు సరుగుడు కట్టెలు, ఉప్పు బస్తాలు మోసుకుని పోతుండేవి. మా పల్లెలో సగం మంది ఉప్పు కొటార్లలో కూలీలు. సముద్రపు నీళ్లు మళ్లల్లోకి తోడి, ఎండకి వదిలి, తేలిన ఉప్పు పలకతో లాగి కుప్పలు పెట్టే పని అది. అరికాళ్లు పగిలిపోయేవి. మా నాయన అక్కడ మేస్త్రీ.

ఆ మేస్త్రీ పని ఆయనకి ఎట్టా పోయిందో ముందు చెప్పాలి, లేకపోతే ఆయన మీకు అర్థం కాడు. నడి ఎండాకాలం, ఉప్పు బాగా తేలే రోజులు. వాన పడితే అంతా కరిగిపోతుందని కంట్రాక్టరు భయం. ఆదివారం కూడా మళ్లల్లోకి దిగమన్నాడు. అందరూ దిగినారు. మా నాయన మాత్రం తెల్ల చొక్కా తొడుక్కుని, చంకలో బైబిలు పెట్టుకుని, ఆ మళ్ల గట్టు మీదనుంచే నడిచి చర్చికి పోయినాడు. "ఆరు రోజులు తమరి పని చేస్తానయ్యా. ఈ ఒక్కరోజు నాది కాదు, తమరికిచ్చే హక్కు నాకు లేదు" అన్నాడంట. సోమవారం పోతే ఆయన చోట వేరే మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఇంటికొచ్చి అమ్మతో, "పని పోయింది, గంజి కాయి" అన్నాడు, అంతే. అప్పుడు నాకు పన్నెండేళ్లు. మా నాయన అంత మొగోడు ఈ భూమ్మీద లేడనుకున్నాను.

ఆ కష్టంలో మమ్మల్ని ఆదుకున్నది మా సంఘ పెద్ద. ఆయనకి సొంతంగా ఒక ఉప్పు కొటారు, నాలుగు పడవలు ఉండేవి. చర్చికి స్థలమిచ్చింది ఆయనే, చర్చి తాళం ఆయన మొలతాడుకే ఉండేది. మా నాయన్ని పిలిచి పనిలో పెట్టుకున్నాడు, ఆదివారం సెలవన్నాడు. ఆ మేలు మా నాయన ఎప్పుడూ మర్చిపోలేదు. నా ప్రాణానికి వచ్చిందంతా ఆ మేలు దగ్గర్నుంచే.

మరుసటేడు జరిగింది ఇంకో సంగతి. నెల్లూరు మిషను ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ నెలకోసారి వచ్చి మా చర్చి వసారాలో కూర్చుని మందులిచ్చేది. నల్లగా, పొట్టిగా, గొంతు మాత్రం గంట కొట్టినట్టుండేది. ఒకరోజు మిట్టమధ్యాన్నం చేపలోళ్ల పాళెం నుంచి ఒకమ్మిని పడవలో తెచ్చినారు. మూడు రోజులుగా నొప్పులు. బండిలో బస్సు దొరికే ముత్తుకూరు దాకా పోవాలంటే దారిలోనే పోయేట్టుంది. నర్సమ్మ చూసి, "చర్చిలో పడుకోబెట్టండి" అంది. సంఘ పెద్ద మొలకున్న తాళం చెవి పట్టుకుని నిలబడిపోయినాడు.

"దేవుడి మందిరంలో కాన్పేందమ్మా? వాళ్లు మన మతం కూడా కాదే" అన్నాడు.

"బిడ్డ బయటికొచ్చినాక అడుగుదాం లెండి ఏ మతమో. ముందు తాళం తియ్యండి" అంది ఆమె.

తీసినాడు. అబద్ధమెందుకు, తీసినాడు. ఆడవాళ్లు చాలామంది గుమ్మం బయటే ఆగిపోయినారు. నేను ఊరికే తొంగి చూస్తుంటే నర్సమ్మ నన్ను పట్టుకుంది. "ఏమే, చేతులున్నాయా? నీళ్లు పొయ్యి. ఏడవబాక, ఏడిస్తే బయటికి పో." పోసినాను. ఆ నెత్తురు, ఆ వాసన, ఆ తల్లి పెట్టిన కేకలు, అన్నీ చూసినాను. సాయంత్రానికి తల్లీ బతికింది, బిడ్డా బతికింది. సంఘ పెద్ద వచ్చి, కాన్పుకి పరిచిన చర్చి చాపలు కాల్చెయ్యమన్నాడు. నర్సమ్మ మాట్లాడకుండా చీర ఎగ్గట్టి, కాలువలోకి దిగి, ఆ చాపలు తనే ఉతికి గట్టు మీద ఆరబెట్టింది. తర్వాతి ఆదివారం నేను ఏరి కోరి ఆ చాప మీదే కూర్చున్నాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను, ఇవి ఇందుకే ఇచ్చినాడు దేవుడు అనుకుంటూ.

ఇక మా సంఘం పద్ధతొకటి చెప్పాలి. మా వాళ్లు పసిబిడ్డలకి బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధి తెలిసినాక, తనంతట తాను అడగాలి. సంఘం ముందు నిలబడి, ఎందుకు అడుగుతున్నావో, ఏం చెయ్యబోతున్నావో తన నోటితో చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. ఎవరైనా ప్రశ్న వెయ్యొచ్చు. అందరూ విని సరే అనుకుంటే ఆమేన్ అంటారు. ఆ ఆమేన్ వస్తేనే నీళ్లల్లోకి దించేది.

నాకు పదిహేనో ఏట నేను అడిగినాను. కాలువ గట్టున సంఘమంతా నిలబడి ఉంది. లేచి నిలబడేసరికి చెప్పాలనుకున్న మాటలన్నీ మర్చిపోయినాను. ఆడవాళ్లలోంచి అమ్మ మెల్లగా, "చెప్పవే, నా పాపాలు క్షమించమని..." అని అందిస్తుంటే, సంఘ పెద్ద గట్టిగా కోప్పడ్డాడు. "పక్కనుంచి అందియ్యొద్దమ్మా! తల్లి చెప్పినా చెల్లదు, తండ్రి చెప్పినా చెల్లదు. ఆ పిల్ల నోరు ఆ పిల్లదే."

ఆ మాటతో నాకెక్కడ లేని ధైర్యమొచ్చింది. చెప్పినాను. చర్చిలో ఆ కాన్పు చూసినాననీ, నా చేతులు దేవుడికి ఇస్తున్నాననీ, నర్సు పని నేర్చుకుని రోగుల దగ్గరే ఉంటాననీ, ఇది నేనిస్తున్న మాటనీ చెప్పినాను. కాలువ గట్టు అదిరేట్టు ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మా నాయన. అయ్యగారు, అంటే మా పాస్టరు, నన్ను నీళ్లల్లో ముంచి లేపినాడు. ముక్కుల్లోకి ఉప్పు నీళ్లు పోయి రెండు రోజులు మండినాయి.

తర్వాత మూడేళ్లు బోర్డింగులో చదివినాను. చదువవగానే నర్సు శిక్షణకి మిషను ఆసుపత్రికి దరఖాస్తు పెట్టినాను. ఉత్తరం వచ్చింది. ఫలానా సోమవారం వచ్చి చేరాలి, పెళ్లికాని పిల్లలకే చోటు, పాస్టరు దగ్గర్నుంచి మంచి నడవడి అని ఉత్తరం తేవాలి. ఆ కాగితం ఎన్నిసార్లు చదివినానో! మడతల దగ్గర చినిగిపోయింది.

సరిగ్గా అప్పుడే సంఘ పెద్ద మా ఇంటికొచ్చినాడు, ఆయన కొడుక్కి నన్నడగడానికి. ఆ అబ్బాయి నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. పాడైనవాడు కాదు, తాగడు, ఆదివారం మానడు. అదీ నా ఖర్మ. వాడొక తాగుబోతైనా అయితే నాకు పని సులువయ్యేది. "నోరున్న పిల్ల, ఇల్లు చక్కబెట్టుకుంటుంది. కాకపోతే ఆ నర్సు పని మాత్రం వద్దు. కనబడిన మగాడినల్లా తాకే పని మా ఇంటికి సరిపడదు" అన్నాడు పెద్దాయన. ఆ మేలు చేసిన మనిషి తన గుమ్మంలోకొచ్చి అడిగితే మా నాయన ఏమంటాడు? సరేనన్నాడు. నన్ను ఒక్క ముక్క అడగలేదు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర నేనే కదిపినాను.

"నాయనా, నాకిష్టం లేదు."

"మాటిచ్చినాను" అన్నాడు.

"మరి నేనిచ్చిన మాట?"

"ఏ మాట?"

"కాలువ గట్టున."

"అది చిన్నపిల్ల మాటలే అమ్మణ్ణీ" అన్నాడు, మెత్తగానే.

నాకు కడుపు మండిపోయింది. కొట్టినా అంత మండేది కాదు. "చిన్నపిల్ల మాటయితే నన్ను నీళ్లల్లో ఎందుకు ముంచినారు? ఊరికే తానం చేయించినారా?" అన్నాను. నాయన చెయ్యి కడుక్కుని లేచి బయటికి పోయినాడు. అమ్మ నెత్తి కొట్టుకుంది. "ఏం నోరే నీది, ఏం నోరు! ఆ నోటికి తాళం వెయ్యా!" అని నన్ను తిట్టి తిట్టి తను ఏడ్చింది.

అయ్యగారి దగ్గరికి పోయినాను. ఆయన మంచివాడే గానీ, గాలి ఎటు వీస్తే అటు తలూపే మనిషి. నాకు రాసిచ్చే నడవడి ఉత్తరం బల్ల మీదే ఉంది. "మీ నాయన సరేనన్నాక నేనేం చేసేదమ్మా? పెద్దాయన్ని అడుగు" అన్నాడు. పెళ్లికొడుకు కాలువ గట్టున ఎదురైతే సిగ్గు విడిచి అతన్నీ అడిగినాను. "నాకేం లేదు, నువ్వు నర్సయితే నాకేం? మా నాయన్నడుగు" అన్నాడు. వాళ్ల నాయన్నడిగితే, "మీ నాయన్నడుగు" అన్నాడు. మా నాయన నాతో మాట్లాడటమే మానేసినాడు. ఇంతమందిలో నన్ను అడుగుదామని మాత్రం ఒక్కరికీ తోచలేదు.

పెళ్లి గురువారం, నేను ఆసుపత్రిలో చేరాల్సింది ఆ తర్వాతి సోమవారం. ఈ రెంటిలో ఏదో ఒకటే జరుగుతుంది.

మా వాళ్లల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా వాళ్ల అబ్బాయికీ ఫలానా వాళ్ల అమ్మాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. ముందే పెళ్లయిందనో, వరస కాదనో, ఇంకొకరికి మాటిచ్చి ఉన్నారనో ఎవరైనా లేచి చెప్పొచ్చు. చెప్పినవాళ్లని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఇంకో ఆచారం కూడా ఉంది మా పల్లెలో. ప్రకటన చదివే మూడు ఆదివారాలూ పెళ్లికూతురు చర్చికి రాకూడదు. సిగ్గంట. తన పేరు చదువుతుంటే ఎదురుగా కూర్చునే పిల్లకి సిగ్గు లేదంటారు.

మొదటి ఆదివారం నన్ను ఇంట్లో ఉంచి అందరూ పోయినారు. మా ఇంటికీ చర్చికీ మధ్య ఒక తడిక అడ్డం. చింతపండు పిక్కలు తీస్తూ అన్నీ విన్నాను. నా పేరు విన్నాను. "అభ్యంతరం ఉందా?" విన్నాను. ఆ తర్వాత ఎవరో దగ్గినారు. పాట ఎత్తుకున్నారు. రెండో ఆదివారం కూడా అంతే, ఈసారి దగ్గు కూడా లేదు. ఆ పాట పాడుతున్నవాళ్లంతా నా సాక్ష్యానికి ఆమేన్ అన్నవాళ్లే. దేవుడి మీద కూడా కోపమొచ్చింది నాకు. "నువ్వయినా లేచి చెప్పు మరి" అన్నాను, చింతపండు గిన్నె ముందు పెట్టుకుని. ఆయనేం పలకలేదు. నాకొక నోరిచ్చినాడు గదా, ఇంకా ఆయన్నెందుకు అడగడం అని అప్పుడు తట్టింది.

మూడో ఆదివారం. అమ్మా నాయనా పోయినాక, పెట్టెలోంచి బాప్తిస్మం నాటి తెల్ల చీర తీసి కట్టుకున్నాను. జాకెట్టు బిగుతైపోయింది, ఊపిరాడలేదు. అయినా తొడుక్కున్నాను. రెండో పాట అయ్యేటప్పటికి చర్చిలో అడుగుపెట్టినాను. తలలన్నీ ఒక్కసారి తిరిగినాయి. "అయ్యో, దీనికేం పోయేకాలం!" అన్నది ఎవరో. అమ్మ నా వైపు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. మగవాళ్ల వైపు ముందు వరసలో నాయన తిరిగి చూడను కూడా చూడలేదు. నేను పోయి ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను.

అయ్యగారు నన్ను చూసినాడు. పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని, గబగబా చదివేసినాడు. "ఇది మూడోసారి, ఇదే ఆఖరు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే..." అని పుస్తకం మూస్తూనే ఉన్నాడు.

"ఉందయ్యగారూ" అని లేచినాను.

"ఎవరికి?" అన్నాడాయన, కంగారులో.

"నాకే."

చర్చి గొల్లుమంది. సంఘ పెద్ద లేచినాడు. ఆయన ముఖం ఎర్రబారింది. "పెళ్లికూతురికి అభ్యంతరమేంది? అభ్యంతరం చెబితే బయటోళ్లు చెప్పాలి! ఆడపిల్ల సంఘంలో లేచి మాట్లాడటమేంది, కూర్చో!"

నేను కూర్చోలేదు. "పెద్దాయనా, ఆ రోజు కాలువ గట్టున లేచి మాట్లాడమన్నది మీరే. మా అమ్మని అందియ్యొద్దన్నది మీరే. ఆ పిల్ల నోరు ఆ పిల్లదే అన్నారు. బాప్తిస్మానికి నాదైన నోరు పెళ్లికి మీదెట్టా అయింది?"

అయ్యగారు పుస్తకం మళ్లీ తెరిచి, వేలు పెట్టి చూసుకున్నాడు. "ఎవరికైనా అని ఉంది పెద్దాయనా" అన్నాడు మెల్లగా. "పెళ్లికూతురు తప్ప అని లేదు." అన్నేళ్లలో ఆయన పెద్దాయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. తర్వాత నా వైపు తిరిగి, "కారణం చెప్పాలమ్మా. ఊరికే ఇష్టం లేదంటే చెల్లదు" అన్నాడు.

"ముందే మాటిచ్చి ఉన్నాను."

అమ్మో, ఆ గోల! అమ్మ "ఓరి దేవుడా" అని కూలబడింది. వెనకనుంచి ఎవడో, "ఎవడే వాడు?" అని అరిచినాడు. పక్కనున్న ఆడవాళ్లు నా నుంచి జరిగి కూర్చున్నారు, అంటుకుంటుందేమో అన్నట్టు. మా నాయన అప్పుడు తిరిగినాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. పాపం, తన బిడ్డ ఎవడితోనో మాట కలిపిందనుకున్నాడు.

"మీకే" అన్నాను గట్టిగా. "మీ అందరికీ. ఈ చేతులు రోగులకిస్తానని దేవుడి ముందు మాటిచ్చినాను, మీరు ఆమేన్ అన్నారు. మా నాయన పెద్దాయనకి మాటిచ్చింది ఈ నెల. నేనిచ్చింది మూడేళ్ల కింద. ఏది ముందు?"

గోల ఆగిపోయింది. అయ్యగారు కలం తీసినాడు గానీ రాయలేదు. "ఒక్కరి మాట మీద రాయకూడదమ్మా. నువ్వట్టా మాటిచ్చినావని ఇంకొకరు లేచి సాక్ష్యం చెప్పాలి. లేకపోతే అభ్యంతరం కొట్టేసినట్టే" అన్నాడు.

నేను చుట్టూ చూసినాను. ఒక్కరు లేవలేదు. అందరికీ పెద్దాయన కొటార్లోనే పని, లేకపోతే ఆయన పడవల్లో. చాప ఈనెలు గిల్లుకుంటూ కూర్చున్నారు. ఇంతసేపూ భయపడ్డ నాకు ఒక్కసారిగా ఒళ్లు మండింది. "ఆ రోజు కాకులు లేచిపోయేట్టు అరిచినారే ఆమేన్ అని! ఇప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారు?" అన్నాను. ఏడవబాక అని నర్సమ్మ అన్న మాట గుర్తొచ్చి పళ్లు బిగబట్టినాను.

అప్పుడు మా నాయన లేచినాడు.

జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతాడనుకున్నాను. అందరూ అదే అనుకున్నారు, ఆడవాళ్లు దారిచ్చినారు కూడా. నాయన నా వైపు రాలేదు. బల్ల దగ్గరికి పోయి, అయ్యగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పిల్ల మాటిచ్చింది నిజమే అయ్యగారూ. నేను విన్నాను. ఆమేన్ అన్నాను" అన్నాడు. తర్వాత సంఘ పెద్ద వైపు తిరిగినాడు. "తమరికి నేను మాటిచ్చిందీ నిజమే. నా బిడ్డ మాట తెలిసి కూడా ఇచ్చినాను. ఆ తప్పు నాది. తమరు నాకు కూడు పెట్టినారు, నేను తమరికి తలవంపులు తెచ్చినాను. సంఘం ముందు క్షమించమని అడుగుతున్నాను." అని, ఆదివారం కోసం కంట్రాక్టరు ముందు వంచని నడుము వంచినాడు.

గెలిచినానని సంతోషమా, బూడిదా! ఆ నడుము వంగింది నా వల్లే. అయినా, నిజం చెబుతున్నాను, నా మాట వెనక్కి తీసుకుందామని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

అయ్యగారు రాసినాడు. అభ్యంతరం చెప్పినవారు: పెళ్లికూతురు. సాక్షి: పెళ్లికూతురి తండ్రి. నాయన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కింద సంతకం పెట్టినాడు. అట్టాంటి పేజీ ఇంకే చర్చి పుస్తకంలోనైనా ఉంటే తెచ్చి నాకు చూపించండి. పెద్దాయన కొడుకుని తీసుకుని మధ్యలోనే లేచిపోయినాడు. ఆ అబ్బాయి గుమ్మం దాటేటప్పుడు నా వైపు చూసి కొంచెం నవ్వినాడు, అది కోపపు నవ్వు కాదు. తర్వాత వేరే మంచి పిల్లని చేసుకున్నాడు. ఆ పిల్ల రెండు కాన్పులూ నా చేతి మీదుగానే జరిగినాయి, మొదటిదానికి పెద్దాయనే వచ్చి పిలిచినాడు.

బయటికొస్తూ నాయన నాతో ఒకే మాటన్నాడు. "నిజం గాబట్టి చెప్పినాను. ఇక నాతో మాట్లాడబాక." మర్నాడు పెద్దాయన రావొద్దనకముందే కొటారుకి పోవడం మానుకున్నాడు. ఆ మనిషి ముఖం ఎట్టా చూస్తానన్నాడు అమ్మతో. రేవు దగ్గర పడవలకి సరుగుడు కట్టెలెత్తే కూలికి పోయినాడు. మేస్త్రీ చేసిన మనిషి.

అయ్యగారు ఉత్తరం రాసిచ్చినాడు, కవరు అంటించకుండానే. చదువుకున్నాను. "ఈ పిల్లకి నోటి దురుసు ఉన్నది. ఇచ్చిన మాట మీద నిలబడును" అని రాసి ఉంది. ఆసుపత్రిలో డాక్టరు దొరసాని దాన్ని ఎవరిచేతనో చదివించుకుని, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వింది.

మొన్నటి కూడికలో ఒక పిల్ల లేచి అడిగింది నన్ను, దేవుడి చిత్తమేందో మీకెట్టా తెలిసింది అని. నాకేం తెలుసమ్మా, ఆకాశం నుంచి నాకెవరూ చెప్పలేదు అన్నాను. ఇచ్చిన మాటొకటి ఉంది, దాన్ని తప్పమంటున్నారు, తప్పనన్నాను. మీకు ఆ నోరు నేర్పింది ఎవరని ఆ పిల్ల మళ్లీ అడిగితే, నాకు లోబడటం నేర్పాలనుకున్న ఈ సంఘమే నేర్పింది అన్నాను. నేర్పినాక దాచుకోమంటే ఎట్టా? కుర్ర పాస్టరు అప్పుడే గడియారం చూసుకున్నాడు.

నేను ఆసుపత్రికి బయల్దేరిన ఆ సోమవారం సంగతి ఆ పిల్లలకి చెప్పలేదు.

పొద్దున్నే నా రేకు పెట్టె గుమ్మంలో పెట్టుకుని, ముత్తుకూరు దాకా ఎట్టా మొయ్యాలా అని చూస్తున్నాను. నాయన లోపల్నుంచి వచ్చి, తలకి తువ్వాలు చుట్టుకుని, పెట్టె ఎత్తుకుని నడవడం మొదలుపెట్టినాడు. ముందు ఆయన, పది అడుగులు వెనక నేను. కట్టెలు మోసి భుజం ఒరుసుకుపోయి ఉంది, పెట్టె తల మీదనుంచి భుజానికి మార్చుకోలేక తిప్పలు పడుతున్నాడు. అడిగితే ఇవ్వడని తెలుసు, అడగలేదు.

నెల్లూరు బస్సొచ్చింది. నాయన పెట్టె పైకి అందించినాడు. నా వైపు చూడలేదు. కండక్టరు టిక్కెట్టు చింపుతూ, "పెద్దాయనా, పిల్లని ఎక్కడ దించాలి?" అన్నాడు.

"మిషను ఆసుపత్రి దగ్గర."

"అయ్యో, ఏమైంది పిల్లకి? జబ్బా?"

నాయన తువ్వాలు విప్పి ముఖం తుడుచుకున్నాడు. "జబ్బేంది?" అన్నాడు, బస్సులో వాళ్లంతా తిరిగి చూసేంత గట్టిగా. "మా పాప అక్కడ నర్సు."

నేనింకా ఆ ఆసుపత్రి గడప తొక్కనే లేదు.